ఇన్‌ఫ్లేషన్ మోడల్స్ పుట్టడమే కాదు, చచ్చిపోతాయి కూడా

విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఒక్కసారిగా విపరీతంగా ఉబ్బిందని చెప్పే కాస్మిక్ ఇన్‌ఫ్లేషన్ గురించి మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. మొదటిది: "ఇన్‌ఫ్లేషన్‌కి వందల మోడల్స్ ఉన్నాయని, ఏ డేటా వచ్చినా ఏదో ఒక మోడల్ దానికి సరిపోతుందని ఒక వీడియోలో చెప్పారు, అలాంటప్పుడు అది సైన్స్ ఎలా అవుతుంది?" రెండోది: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వీటిలో ఏది తీసుకుంటే మంచిది అని. నేను పీహెచ్‌డీ ఈ విషయంలోనే చేశాను, ఆ తర్వాత పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తూ పాఠాలు చెబుతున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మొదటి ప్రశ్నకి జవాబు అర్థమైతే ప్రాజెక్టు సంగతి దానంతటదే తేలుతుంది.

ముందుగా, ఇన్‌ఫ్లేషన్ అనేది ఒకే ఒక్క సిద్ధాంతం పేరు అనుకుంటే మీ అనుమానం ఎప్పటికీ తీరదు. దాన్ని ఒక చట్రం అనుకోండి. అందులోని మూల విషయం ఇది: విశ్వం తొలి క్షణాల్లో విస్తరణ వేగం పెరుగుతూ పోయిన దశ ఒకటి ఉంది. మామూలు పదార్థం, కాంతి మాత్రమే ఉంటే గురుత్వం ఆ విస్తరణకి బ్రేకు వేస్తుంది, వేగం తగ్గుతూ రావాలి. కానీ ఐన్‌స్టీన్ సమీకరణాల్లో సాంద్రతతో పాటు పీడనం కూడా గురుత్వాన్ని పుట్టిస్తుంది, ఆ పీడనం సరిపడా రుణాత్మకంగా ఉంటే గురుత్వం లాగడం మానేసి తోయడం మొదలుపెడుతుంది. ఒక స్కేలార్ ఫీల్డ్ (ప్రతి చోటా ఒక సంఖ్య మాత్రమే ఉండే, దిశ లేని క్షేత్రం) దాదాపు కదలకుండా, బోలెడు పొటెన్షియల్ ఎనర్జీతో విశ్వమంతా నిండి ఉంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ ఫీల్డ్ ఏది, దాని పొటెన్షియల్ ఆకారం ఏంటి, ఆ దశ ఎలా ఆగింది, వీటికి మీరు చెప్పే జవాబే మోడల్. చట్రాన్ని పరీక్షించే కొలతలు వేరు, ఒక మోడల్‌ని పరీక్షించే కొలతలు వేరు. మీరు చూసిన వీడియోలో ఈ రెండూ కలిపేసినట్టున్నారు, గందరగోళం అంతా అక్కడే మొదలైంది.

అసలు ఇది ఎందుకు కావలసి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి ఇవాళ మనకు సీఎంబీగా, అంటే ఆకాశమంతా నిండిన మైక్రోవేవ్ కాంతిగా, అందుతోంది, ఆకాశంలో ఎటు చూసినా దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, తేడాలు లక్షలో ఒక వంతు. వేణ్నీళ్లలో చన్నీళ్లు పోస్తే ఒకే వేడికి రావడానికి కూడా కాసేపు పడుతుంది, రెండూ కలవాలి కదా. ఆకాశంలో ఒకటి రెండు డిగ్రీల కంటే ఎక్కువ దూరంలో ఉన్న రెండు చోట్లకి, పాత లెక్క ప్రకారం, అప్పటిదాకా ఒకదాని కబురు ఇంకోదానికి చేరే టైం కూడా లేదు. మరి ఒకే వేడి ఎలా వచ్చింది? ఇది హొరైజన్ సమస్య. విశ్వం సమతలంగా ఉండాలంటే బిగ్ బ్యాంగ్ తర్వాత ఒక్క సెకనుకి సాంద్రత ఎంతో సూక్ష్మంగా, 10¹⁵లో ఒక వంతు తేడాతో సమతలానికి కావలసిన విలువకి సరిపోయి ఉండాలి, ఇది ఫ్లాట్‌నెస్ సమస్య. విశ్వం కనీసం 10²⁶ రెట్లు, అంటే దాదాపు 60 ఇ-ఫోల్డ్స్ (ఒక్కో ఇ-ఫోల్డ్ అంటే 2.718 రెట్లు), ఉబ్బితే రెండూ ఒకేసారి తీరిపోతాయి.

ఈ మాటని స్పష్టంగా చెప్పింది అలన్ గూత్. 1979 డిసెంబర్‌లో, అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడు, మ్యాగ్నెటిక్ మోనోపోల్స్ (ఒకే ధ్రువం ఉన్న అయస్కాంత కణాలు) ఎందుకు కనబడవు అనే ప్రశ్న పట్టుకుని వెళ్లి ఇక్కడ తేలాడు, పేపర్ 1981లో వచ్చింది. నాకు ఆ పేపర్‌లో బాగా నచ్చేది ఏంటంటే, తన మోడల్ పనిచేయదని ఆయనే అందులో రాసుకున్నాడు. ఆ మోడల్‌లో ఫీల్డ్ ఒక ఫాల్స్ వాక్యూమ్‌లో, అంటే అట్టడుగుది కాని ఒక గుంటలో, ఇరుక్కుని ఉంటుంది, అక్కడక్కడా క్వాంటం టన్నెలింగ్‌తో అసలైన వాక్యూమ్ బుడగలు పుడతాయి, ఎసట్లో బుడగలు లేచినట్టు. ఆ బుడగలన్నీ పెరిగి, ఒకదానికొకటి తగిలి, కలిసిపోతే మామూలు వేడి విశ్వం మొదలవ్వాలి. కానీ ఇక్కడ గిన్నే బుడగల కంటే వేగంగా పెరిగిపోతోంది, ఇక బుడగలు ఎప్పటికి కలుస్తాయి? కలవవు. కలిసిన కొన్ని చోట్ల కూడా విశ్వం మనం చూస్తున్నంత నున్నగా ఉండదు. అంటే ఇన్‌ఫ్లేషన్ చరిత్రలో పేరున్న మొదటి మోడల్ పుట్టిన ఏడాది రెండేళ్లలోనే లెక్కల్లోనే చచ్చిపోయింది, డేటా దాకా వెళ్లనే లేదు. వీడియోలో ఈ సంగతి చెప్పారా?

1982లో ఆంద్రే లిండే ఒక పక్క, ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, పాల్ స్టైన్‌హార్ట్ ఇంకో పక్క దీనికి దారి చూపించారు: ఫీల్డ్ గోడ దాటి దూకనవసరం లేదు, బాగా చదునైన ఏటవాలు మీద మెల్లగా దొర్లుకుంటూ వస్తే చాలు. దొర్లినంతసేపూ ఇన్‌ఫ్లేషన్ నడుస్తుంది, కింద గుంటలోకి జారి అటూ ఇటూ ఊగడం మొదలవ్వగానే ఆగిపోతుంది, ఆ ఊగుడులోని శక్తి కణాలుగా మారి విశ్వాన్ని వేడెక్కిస్తుంది. దీన్నే స్లో రోల్ అంటాం, ఇవాళ్టి మోడల్స్‌లో చాలా భాగం ఈ వంశమే. 1983లో లిండేయే ఇంకా సులువు చేశాడు. ప్రత్యేకమైన ఆకారం కూడా అక్కర్లేదు, మామూలు పారాబోలా చాలు, ఫీల్డ్ పైనెక్కడో మొదలైతే చాలు అన్నాడు. ఫీల్డ్‌ని ఫై అని రాస్తాం కాబట్టి దీన్ని ఫై స్క్వేర్ మోడల్ అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వీళ్లందరికంటే ముందే, 1980లో, మాస్కోలో అలెక్సీ స్టారోబిన్‌స్కీ వేరే దారిలో ఇక్కడికే వచ్చాడు. ఆయన హొరైజన్ సమస్య కోసం బయల్దేరలేదు, గురుత్వానికి క్వాంటం సవరణలు కలిపితే ఏమవుతుంది, మొదట్లో సింగులారిటీని (సాంద్రత అనంతమయ్యే స్థితిని) తప్పించవచ్చా అని చూశాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో రికీ వక్రత (స్థలకాలం ఎంత వంగిందో చెప్పే రాశి) మొదటి ఘాతంలో ఉంటుంది, దాని వర్గాన్ని కూడా చేరిస్తే విడిగా ఏ ఫీల్డూ పెట్టకుండానే విశ్వం వేగంగా విస్తరించే దశ వచ్చేస్తుంది, ఆ కొత్త పదమే ఒక ఫీల్డ్‌లా పనిచేస్తుంది. 2023 డిసెంబర్‌లో ఆయన పోయేటప్పటికి, నలభై మూడేళ్ల కిందటి ఆ మోడల్ డేటాకి అన్నిటికంటే బాగా సరిపోయే వాటిలో ఒకటిగా నిలబడి ఉంది. నలభై ఏళ్ల ముందు వేసిన లెక్క, అప్పటికి సీఎంబీలో తేడాలు ఎవరూ చూడను కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నా దృష్టిలో ఇన్‌ఫ్లేషన్ గొప్పతనం హొరైజన్, ఫ్లాట్‌నెస్ సమస్యల్లో లేదు. అవి ముందే తెలిసిన సమస్యలు, తెలిసిన సమస్యకి జవాబు తయారుచెయ్యడం అంత పెద్ద పరీక్ష కాదు. ఎవరూ అడగని ఒక విషయం ఈ లెక్కల్లోంచి బయటికొచ్చింది. ఫీల్డ్‌లో ఎప్పుడూ ఉండే క్వాంటం ఒడిదుడుకులని ఈ విస్తరణ సాగదీసి ఆకాశమంత పెద్దవి చేస్తుంది, గెలాక్సీలకు విత్తనాలు అవే. 1981లో ముఖనోవ్, చిబిసోవ్ ఈ లెక్క వేశారు, 1982 వేసవిలో కేంబ్రిడ్జ్ వర్క్‌షాప్‌లో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గూత్, బార్డీన్, స్టైన్‌హార్ట్, టర్నర్ లాంటివాళ్లు దాదాపు ఒకే జవాబుకి వచ్చారు: తేడాలు అన్ని సైజుల్లోనూ దాదాపు ఒకే బలంతో ఉండాలి, కానీ సరిగ్గా ఒకేలా కాదు. పెద్ద సైజు తేడాలు ముందు పుడతాయి, చిన్నవి తర్వాత పుడతాయి, ఈలోపు విస్తరణ రేటు కొంచెం తగ్గుతుంది కాబట్టి మామూలు స్లో రోల్ మోడల్స్‌లో చిన్నవి కాస్త బలహీనంగా ఉంటాయి. ఆ కాస్త వాలుని కొలిచే సంఖ్యని ఎన్‌ఎస్ (nₛ) అంటాం, సరిగ్గా 1 అయితే వాలు లేనట్టు. కోబ్ ఉపగ్రహం 1992లో ఈ తేడాలని మొదటిసారి చూసింది. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల్లో ఎన్‌ఎస్ 0.965, ప్లస్ ఆర్ మైనస్ 0.004. అంటే 1 నుంచి ఎనిమిది సిగ్మాల దూరం (ఒక సిగ్మా అంటే ఆ ప్లస్ ఆర్ మైనస్ అంత). మొదట్లో వేసిన లెక్క ఇదే దిక్కుకి చూపించింది, కొలత వచ్చింది మూడున్నర దశాబ్దాల తర్వాత.

"ఏ డేటా వచ్చినా సరిపోతుంది" అన్న మాటకి ఇక్కడే ఒక గట్టి జవాబుంది, దీని గురించి జనం మాట్లాడరు కాబట్టి కాస్త నిలబడి చెబుతాను. 1980ల్లో, 90ల్లో ఇన్‌ఫ్లేషన్‌కి గట్టి పోటీ ఒకటి ఉండేది, కాస్మిక్ స్ట్రింగ్స్. తొలి విశ్వంలో ఫేజ్ ట్రాన్సిషన్ (నీళ్లు గడ్డకట్టడం లాంటి మార్పు) అప్పుడు పగుళ్లలాగా మిగిలిపోయిన దారాలు, అవే గెలాక్సీలకు విత్తనాలు అని. చాలా తెలివైనవాళ్లు దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రెండిటికీ తేడా ఏంటంటే, ఇన్‌ఫ్లేషన్‌లో అలలన్నీ ఒకేసారి, ఒకే ఫేజ్‌లో మొదలవుతాయి, అందుకే సీఎంబీ తేడాల బలాన్ని ఆకాశంలోని కోణం సైజు ప్రకారం గీస్తే వరసగా శిఖరాలు కనబడాలి, మొదటిది ఒక డిగ్రీ దగ్గర. స్ట్రింగ్స్ అయితే ఎప్పటికప్పుడు కదుపుతూనే ఉంటాయి, ఫేజ్ చెదిరిపోతుంది, శిఖరాల వరస ఉండదు, ఒక వెడల్పాటి దిబ్బ మాత్రం ఉంటుంది. 2000లో బూమరాంగ్, మాక్సిమా బెలూన్ ప్రయోగాల్లో మొదటి శిఖరం పదునుగా, సరిగ్గా ఆ ఒక డిగ్రీ దగ్గర కనబడింది, తర్వాత రెండోది, మూడోది వచ్చాయి. గెలాక్సీల విత్తనాలు స్ట్రింగ్సే అన్న వాదన అక్కడితో ముగిసింది. 2003లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఇంకో మెట్టు ఎక్కింది. సీఎంబీ ఉష్ణోగ్రతకి, ధ్రువణానికి మధ్య పొంతన అప్పటి హొరైజన్ కంటే పెద్ద దూరాల్లో కూడా ఉందని, అదీ ఇన్‌ఫ్లేషన్ చెప్పిన గుర్తుతోనే ఉందని చూపించింది. ఆ శిఖరాలు రాకపోయి ఉంటే ఇవాళ మీరు నన్ను స్ట్రింగ్స్ గురించి అడుగుతుండేవారు. చట్రం ఓడిపోయే అవకాశం నిజంగా ఉన్న పరీక్ష అది, ఓడిపోలేదు.

ఇక మోడల్స్ సంగతి. వీటిని విడదీసేవి ముఖ్యంగా రెండు సంఖ్యలు. ఒకటి ఎన్‌ఎస్, చెప్పాను. రెండోది ఆర్ (r). ఇన్‌ఫ్లేషన్ గురుత్వ తరంగాలను కూడా పుట్టిస్తుంది, సాంద్రత తేడాలతో పోలిస్తే అవి ఎంత బలంగా ఉన్నాయో చెప్పేదే ఆర్, ఇది నేరుగా ఆ కాలపు శక్తి స్థాయిని చెబుతుంది. ఇ-ఫోల్డ్స్ 60 అనుకుంటే ఫై ఫోర్ మోడల్‌లో (పొటెన్షియల్ ఫై నాలుగో ఘాతంగా ఉండేది) ఆర్ 0.27, ఫై స్క్వేర్‌లో 0.13, స్టారోబిన్‌స్కీలో 0.003. చూడండి, చివరి రెండింటి మధ్యే నలభై రెట్ల తేడా. ఫై ఫోర్ డబ్ల్యూమ్యాప్ డేటాకే పడిపోయింది. ఫై స్క్వేర్ నిలబడింది, చాలామందికి అది ప్రాణం, ఎందుకంటే అంతకంటే సులువైన మోడల్ లేదు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది.

2014 మార్చి 17న దక్షిణ ధ్రువం దగ్గరున్న బైసెప్2 టెలిస్కోప్ బృందం, సీఎంబీ ధ్రువణంలో ఆ తరంగాల జాడ దొరికిందని, ఆర్ 0.2 అని ప్రకటించింది. ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది, కారిడార్లో అందరం ల్యాప్‌టాప్‌ల చుట్టూ గుమిగూడి ఉన్నాం, ఎవరికీ క్లాసుల ధ్యాస లేదు. ఆ కొలత నిజమైతే ఫై స్క్వేర్ బతికినట్టు, స్టారోబిన్‌స్కీ మోడల్ పోయినట్టు. వారాల్లోనే దానికి సరిపోయేలా పేపర్లు వరదలా వచ్చాయి. కానీ బైసెప్2 ఒక్క 150 గిగాహెర్ట్జ్ దగ్గరే చూసింది. మన గెలాక్సీ ధూళి కూడా అలాంటి ధ్రువణాన్నే ఇస్తుంది, ఆ ధూళి ఎంతుందో తేల్చాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర చూడాలి. సెప్టెంబర్‌లో ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్ కొలతలు చూపించింది, 2015 మొదట్లో రెండు బృందాలూ కలిసి చేసిన విశ్లేషణలో ఆ సిగ్నల్‌ని గురుత్వ తరంగాలుగా నమ్మడానికి ఆధారం మిగల్లేదు. తర్వాత అదే దక్షిణ ధ్రువం దగ్గర బైసెప్, కెక్ టెలిస్కోపులు ఇంకా లోతుగా చూసి 2021లో చెప్పింది: ఆర్ 0.036 కంటే తక్కువ. 0.13 దీనికి దరిదాపుల్లో లేదు. ఫై స్క్వేర్ పోయింది. మామూలు నేచురల్ ఇన్‌ఫ్లేషన్ కూడా, 1990లో ఫ్రీస్, ఫ్రీమన్, ఒలింటో ఎంతో అందంగా కట్టింది, ఈ డేటాతోనే పక్కకి వెళ్లిపోయింది. బాధేసింది, నిజం చెబుతున్నాను, కానీ సైన్స్ జరగాల్సిన తీరులోనే జరిగింది.

మిగిలినవి చాలావరకు పీఠభూమి ఆకారం ఉన్నవి, స్టారోబిన్‌స్కీ ఒకటి, 2007-08లో బెజ్రుకోవ్, షాపోష్నికోవ్ తెచ్చిన హిగ్స్ ఇన్‌ఫ్లేషన్ ఇంకొకటి. 2012లో సెర్న్‌లో దొరికిన ఆ హిగ్స్‌నే గురుత్వంతో గట్టిగా ముడివేస్తే అదే ఇన్‌ఫ్లేషన్ నడిపిస్తుందని వీళ్లు చెప్పేది. ఇక్కడో చక్కటి చిక్కుంది. ఈ రెండు మోడల్స్ పుట్టుక పూర్తిగా వేరు, కానీ ఇన్‌ఫ్లేషన్ నడిచేటప్పుడు పొటెన్షియల్ ఆకారం దాదాపు ఒకటే, రెండూ ఒకే ఎన్‌ఎస్, ఒకే ఆర్ ఇస్తాయి. మరి తేడా ఎలా కనిపెట్టాలి? దశ ముగిశాక జరిగే రీహీటింగ్ దగ్గర. హిగ్స్‌కి మనకు తెలిసిన కణాలతో గట్టి బంధం ఉంది, గబగబా విశ్వాన్ని వేడెక్కిస్తుంది. స్టారోబిన్‌స్కీ మోడల్‌లోని ఫీల్డ్ గురుత్వం ద్వారా మాత్రమే కణాలుగా మారాలి, అది చాలా నెమ్మది. అందువల్ల మనం చూసే సైజుల దగ్గర ఇ-ఫోల్డ్స్ లెక్క రెండింటికీ కొద్దిగా తేడా వస్తుంది, ఎన్‌ఎస్‌లో మూడో దశాంశ స్థానంలో. ఇప్పటి కొలతలకి అది అందదు. కానీ రీహీటింగ్‌ని చివర్లో పెట్టే చిన్న వివరంగా చూడకూడదని విద్యార్థులకి నేను ప్రతిసారీ చెబుతాను, మోడల్ గుర్తింపు కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.

2025లో ఇంకో మలుపు వచ్చింది. చిలీలోని అటకామా టెలిస్కోప్ డేటాని ప్లాంక్‌తో, డెసి (DESI) అనే సర్వేలో గెలాక్సీల నుంచి వచ్చిన కొలతలతో కలిపితే ఎన్‌ఎస్ 0.974 దగ్గర తేలింది. స్టారోబిన్‌స్కీ, హిగ్స్ రెండూ చెప్పేది 0.967 లేదా ఇంకా కొంచెం తక్కువ, అంటే దాదాపు రెండు సిగ్మాల ఒత్తిడి. నా అభిప్రాయం, దీన్ని చూసి ఇప్పుడే ఏ మోడల్‌నీ పాతిపెట్టకూడదు. డెసి కొలతలు కలపకపోతే ఆ సంఖ్య 0.971కి దిగుతుంది, పైగా సీఎంబీకి, డెసికి మధ్యే కాస్త పొసగడం లేదు. ఆ రెండు డేటా సెట్లు ఎందుకు విడిపోతున్నాయో తేలకుండా కలిపిన సంఖ్య మీద తీర్పు ఇవ్వడం తొందరపాటు.

మీ అనుమానంలో నిజమైన భాగం కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లను. అటకామా ఫలితం రాగానే 0.974కి సరిపోయేలా మోడల్స్ వచ్చేశాయి, 2014లో 0.2కి వచ్చినట్టే. డేటా వచ్చాక దానికి తగ్గట్టు కుట్టిన మోడల్‌కి నేను పెద్ద విలువ ఇవ్వను. 2013లో మార్టిన్, రింగెవాల్, వెనిన్ ఒకే ఫీల్డ్ ఉన్న మోడల్స్ 74 రకాలు పోగేసి ఒక్కొక్కటి లెక్కగట్టారు. ఆ పని చూస్తే రెండూ కనబడతాయి: ఎన్ని మోడల్స్ కట్టవచ్చో, వాటిలో ఎన్ని డేటాకి దూరంగా పడిపోతాయో. ఇంకా లోతైన విమర్శ స్టైన్‌హార్ట్ ది. 1982లో స్లో రోల్‌కి పునాది వేసినవాళ్లలో ఒకడు, తర్వాత దీనికే అందరికంటే గట్టి విమర్శకుడయ్యాడు. క్వాంటం ఒడిదుడుకుల వల్ల ఇన్‌ఫ్లేషన్ కొన్నిచోట్ల ఎప్పటికీ ఆగదు, లెక్కలేనన్ని విశ్వాలు పుడతాయి, అన్నిటిలోనూ అన్నీ జరిగితే ఇక ఏది జోస్యం అని ఆయన ప్రశ్న. 2017లో ఇయాస్, లోబ్‌లతో కలిసి ఒక పత్రికలో ఇది రాస్తే, గూత్, లిండే, హాకింగ్ సహా 33 మంది సంతకాలతో జవాబు వచ్చింది. నేను ఆ జవాబు వైపే ఉంటాను, ఎందుకంటే ఒక్కొక్క మోడల్‌ని కొలతతో కొట్టవచ్చని మన కళ్లముందే తేలింది. కానీ ఇన్‌ఫ్లేషన్ అసలు ఎలా మొదలైంది, అలా మొదలవడం ఎంత సహజం అన్న ఆయన ప్రశ్నకి ఇంకా సరైన జవాబు లేదు. లేదనే విద్యార్థులకి చెప్పాలి.

చట్రం మొత్తాన్ని కుదిపే కొలతలు ఏవని మీరు అడగవచ్చు. విశ్వం వక్రత ఒక శాతం దగ్గర తేలితే మామూలు మోడల్స్‌కి గట్టి దెబ్బ. తేడాలు గాసియన్‌గా (గంట ఆకారపు మామూలు పంపిణీతో) లేవని, ఒక ప్రత్యేక పద్ధతిలో, పెద్ద మోతాదులో తేలితే ఒకే ఫీల్డ్ ఉన్న మోడల్స్ అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. ప్లాంక్ దాకా అలాంటిదేమీ కనబడలేదు. ఆర్ 0.003 దాకా వెతికే పని ముందుంది, జపాన్ తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం అందుకోసమే.

ఇక ప్రాజెక్టు. కొత్త పొటెన్షియల్ కనిపెట్టడానికి పోవద్దు, ఆరు నెలల్లో దాని వల్ల మీరు నేర్చుకునేది తక్కువ. ఫై స్క్వేర్, స్టారోబిన్‌స్కీ రెండూ తీసుకోండి, ఒకటి చచ్చింది, ఒకటి బతికుంది, ఎందుకో మీ చేత్తో మీరే చూపించండి. పైథాన్‌లో ఫ్రీడ్‌మన్ (విస్తరణది), క్లైన్-గోర్డన్ (ఫీల్డ్ కదలికది) సమీకరణాలు కలిపి రాయండి, కాలానికి బదులు ఇ-ఫోల్డ్స్‌నే చలరాశిగా పెట్టుకోండి, లేకపోతే స్టెప్ సైజు దగ్గర ఏడిపిస్తుంది. తగ్గించిన ప్లాంక్ ద్రవ్యరాశి యూనిట్లలో ఫై స్క్వేర్‌ని 16 దగ్గర, వేగం సున్నాతో వదలండి. స్లో రోల్ అంచనా ప్రకారం 1.4 దగ్గర, పూర్తి సమీకరణాలతో 1 దగ్గర ఇన్‌ఫ్లేషన్ ఆగిపోవాలి, మొత్తం 64 ఇ-ఫోల్డ్స్ కాస్త అటూ ఇటూగా రావాలి. స్టారోబిన్‌స్కీని 5.5 దగ్గర వదిలితే 62 చుట్టుపక్కల వస్తుంది. ఇది కుదిరాక ముఖనోవ్-ససాకీ సమీకరణానికి (ఒడిదుడుకులు ఎలా మారతాయో చెప్పేది) వెళ్లి స్పెక్ట్రమ్ తీయండి. ఫై స్క్వేర్‌లో ద్రవ్యరాశి సుమారు 6 × 10⁻⁶ పెడితే స్పెక్ట్రమ్ ఎత్తు ప్లాంక్ చెప్పిన 2.1 × 10⁻⁹కి వస్తుంది. ద్రవ్యరాశి మార్చి చూడండి, ఎత్తు మారాలి, ఎన్‌ఎస్, ఆర్ మాత్రం కదలకూడదు. కదిలాయంటే కోడ్‌లో తప్పుంది, అలాంటప్పుడు ముందు ఆరంభ షరతుల దగ్గర, బంచ్-డేవీస్ (ఒడిదుడుకుల తొలి క్వాంటం స్థితి) పెట్టిన చోట చూడండి, మోడ్ ఇంకా హొరైజన్‌కి బాగా లోపల ఉన్నప్పుడే మొదలుపెట్టారా లేదా అని. అయినా దొరక్కపోతే కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.